ఒడ్డున మిగిలిన ముప్పై పొట్లాలు

“సంచి సర్దు పాపాయమ్మా. ఆ ఆదివారం తెల్లారగట్ట ఎలా సర్దావో అలాగే సర్దు. ముందు పెట్టింది ముందు, వెనక పెట్టింది వెనక.”

డిటెక్టివ్ పద్మావతి ఆ మాట అనేసరికి గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్లు భగ్గుమన్నారు. పాపాయమ్మ అత్త సీతాలు కొంగు బిగించి లేచింది.

“సచ్చినోడి సంచి మళ్లీ సర్దిస్తావేటమ్మా? ఇంకెవుడు ఎల్లిపోవాలని నీకు?”

“ఎవడూ పోకూడదనే. నీ కొడుకు ఎలా పోయాడో నీకు తెలియాలా, వద్దా?”

“తెల్సు కదేటి! ఆ వంటోడు కన్నబాబు ఇసం ఎట్టినాడు. పోలీసులే సెప్పినారు.”

“పోలీసులు చెప్పింది విన్నాను. నీ కోడలి చేతులు ఏం చెబుతాయో కూడా చూడనీ. కూర్చోమ్మా.”

నిజానికి సంచి సర్దడం చూడాలంటే పద్మావతికి కూడా గుండె పీకుతుంది. యాభై మూడేళ్లలో ఎన్ని సంచులు సర్దిందో, ఎందరికి గుమ్మందాకా వెళ్లి “జాగ్రత్త” అందో లెక్కలేదు. తిరిగొచ్చినవాళ్లు మరుపున పడిపోతారు. రానివాళ్ల తువ్వాలు మడత మాత్రం కళ్లముందు అలాగే ఉంటుంది. కానీ ఈ పొద్దు గుండె మాట వినడానికి వ్యవధి లేదు. శనివారం, జూన్ ఏడు. సాయంత్రం నాలుగింటికి కన్నబాబుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. వాడి తల్లి నారాయణమ్మ ఉదయం ఆరింటికే డాబాగార్డెన్స్‌లో పద్మావతి ఆఫీసు గది మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

జరిగింది ఇది. సముద్రంలో వేట నిషేధం మే ముప్పై ఒకటితో ముగిసింది. జూన్ ఒకటి, ఆదివారం తెల్లవారుజామున బోట్లన్నీ ఒక్కసారిగా బయల్దేరాయి. పాపాయమ్మ మొగుడు ఉమామహేష్ ‘నూకాలమ్మ’ బోటు మీద వల లాగే మనిషి. మూడో రోజు వాంతులు మొదలయ్యాయి. అయిదో రోజు మధ్యాహ్నం పోయాడు. శుక్రవారం పొద్దున్న శవాన్ని ఒడ్డుకి తెచ్చారు. సి.ఐ. శివరామకృష్ణ ఆ సాయంత్రానికల్లా వంటవాణ్ణి పట్టేసి పేపరువాళ్లకి ఫొటో ఇచ్చేశాడు. మే నెలలో ఒక పెళ్లిలో ఆ వంటవాడూ ఉమామహేషూ కలియబడి కొట్టుకున్నారు. బోటు మీద ఉమామహేష్‌కి చివరిదాకా టీ కలిపి ఇచ్చింది కన్నబాబే. సి.ఐ.కి ఇంకేం కావాలి?

పాపాయమ్మ సర్దుతోంది. బోటువాళ్లు తిరిగి తెచ్చి పడేసిన ప్లాస్టిక్ సంచి అది. అడుగున దుప్పటి. దాని మీద రెండు లుంగీలు, ఒక చొక్కా. టార్చిలైటు. ప్లాస్టిక్ కవరులో ముడేసిన బీడీ కట్టలు, అగ్గిపెట్టెలు. చింతకాయ పచ్చడి డబ్బా. అమ్మవారి కుంకం పొట్లం. అంతవరకూ చెయ్యి తడుముకోలేదు. ఆ తర్వాత గోడ గూటి వైపు వెళ్లి, సగంలో ఆగి, వెనక్కి వచ్చి సంచి మూతి ముడేసింది.

“ఆగు. చెయ్యి ఆ గూటి వైపు ఎందుకెళ్లింది?”

“ఏటీ నేదమ్మా.”

“ఏమీ లేకపోతే చెయ్యి వెళ్లదు పాపాయమ్మా.”

పాపాయమ్మ సంచి ముడి వదిలేసింది. “మందమ్మా. ఆడు సంచిలో ఎట్టుకున్నాడు. నానే తీసి గూట్లో ఎట్టీసినాను.”

“ఏం మందు?”

“తగరపువలస గవర్రాజు గారి యేరుమందు. ఆయాసానికీ మోకాళ్లకీ. యేట నేని నలభై అయిదు రోజులూ పూటకో పొట్లం, తేనెలో కలిపి నానే నాకించినాను. రెండో రోజుకే ఆయాసం ఎగిరిపోనాది. దేముడి మందనుకున్నాం.”

“అంత మంచి మందు సముద్రం మీదికి ఎందుకు పంపలేదు?”

“పథ్యం కదమ్మా! నీసు ముట్టకూడదన్నాడు. సేప, రొయ్య, ఎండుసేప, ఏదీను. బోటు మీద పది రోజులూ సేప పులుసు తప్ప ఏటుంటాది? నీసు మీద మందు పడితే ఇకటిస్తాదని మా అమ్మకాడినుంచీ ఇంటన్నాం. తిరిగొచ్చినాక మళ్లీ మొదలెడదాం అన్నాను. ‘ఒక్క నాలుగు పొట్లాలైనా ఉంచే’ అన్నాడు. నాను ఉంచనేదు.”

గూట్లో పాత బిస్కెట్ డబ్బా ఉంది. అందులో ముప్పై పొట్లాలు. న్యూస్ పేపరు ముక్కల్లో గోధుమరంగు పొడి. పద్మావతి ఒకటి విప్పి, వేలు తడిచేసి, నాలిక చివర అద్దుకుంది. ముందు పిప్పలి ఘాటు. అది సర్దుకున్నాక అడుగునుంచి మరో చేదు లేచింది. ఏ వేరుకీ లేని చేదు. డిటెక్టివ్ బోర్డు కట్టకముందు ఇరవై రెండేళ్లు ఒక ఫ్యాక్టరీ మందుల గదిలో ఫార్మసిస్టుగా చేసిందామె. ఉబ్బసం పిల్లలకి డాక్టరు రాసిన బిళ్లల్ని పొడిచేసి తేనెలో కలిపి పెట్టిన చేతులు అవి. ఆ చేదు ఆమెకి పాత పరిచయం.

“మీ ఆయన ఫొటో ఉందా? మేలో తీసింది?”

పెళ్లి ఫొటో తెచ్చారు. పక్కనే గోడకి వేలాడుతున్న సంక్రాంతినాటి ఫొటో. ఇద్దరూ ఒక మనిషే అంటే నమ్మడం కష్టం. ఎముకలు తేలిన దవడలు నాలుగు నెలల్లో పూర్ణం బూరెల్లా ఉబ్బి గుండ్రమయ్యాయి.

“ముకం నిండినాదని మురిసిపోయినాను. ఒళ్లు సేసినాడు అన్నారు అందరూ,” అంది పాపాయమ్మ.

“ఆకలి?”

“గంపెడు తిన్నాడు.”

“నిద్ర?”

“నిద్దరే నేదమ్మా. ఊరికే కోపం. మాట అంటే సెయ్యెత్తడం. అంతకుముందు సీమకైనా హాని సెయ్యని మనిసి. కన్నబాబు బావతో తగువు కూడా అలాగే కదా, తాంబూలం ముందు ఎవురికిచ్చినారని!”

“పొట్ట మీద ఎర్రటి చారలు?”

పాపాయమ్మ నోరు తెరుచుకుంది. “నీకెలా తెల్సు?”

పద్మావతి విప్పిన పొట్లం మళ్లీ మడిచి తన చేతిసంచిలో వేసుకుంది. “ఈ మందు ఇంకెవరు తింటున్నారు?”

“మా తమ్ముడు దొరబాబు. ఇరవై మూడేళ్లు, పదమూడో ఏటే వల పట్టినాడు. ‘పోలమాంబ’ బోటు మీద ఉన్నాడు, ఎల్లుండికో ఆ మర్నాడికో వస్తాడు. ఆడి పొట్లాలు కూడా ఇంటికాడే ఉన్నాయి. మరదలికి నానే సెప్పినాను, తీసెయ్యే అని...” అని ఆగిపోయింది. డిటెక్టివ్ ముఖం చూసి ఆమెకి ఏదో అర్థమైంది. “అమ్మా, మా తమ్ముడికేటవుద్ది?”

“ఏమీ కాకూడదనే వెళ్తున్నాను.”

సందు చివర ఎస్.టి.డి. బూత్‌లో గడియారం పదిన్నర చూపిస్తోంది. అక్కడినుంచి పద్మావతి నూకాలమ్మ, పోలమాంబ రెండు బోట్లకీ యజమాని నీలకంఠానికి ఫోన్ చేసింది. ఆయన జెట్టీ ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు ఉంటుంది.

“దొరబాబా? నిన్న రాత్రి మాట్లాడారండీ బోటువాళ్లు. వాంతులట, కళ్లు తిరుగుతున్నాయట. సముద్రం పడలేదేమో.”

“పదమూడో ఏట వల పట్టినవాడికి పదేళ్ల తర్వాత సముద్రం పడకపోవడమేమిటండీ? అతన్ని పనిలోంచి తప్పించి పడుకోబెట్టమనండి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టమనండి. బోటుని వెంటనే దగ్గరి రేవుకి తిప్పమనండి.”

“అమ్మా, విషం కేసు నడుస్తుంటే నేను సెట్టులో ఆ మాట అన్నానంటే అన్ని బోట్లూ హడలిపోయి వెనక్కి తిరుగుతాయి. సి.ఐ. గారు చెప్పమంటే చెబుతాను. ఆయన నోటంట ఒక్క మాట ఇప్పించండి.”

ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసం పద్మావతి ఆటో ఎక్కింది.

స్టేషనులో పదకొండున్నరకి ముందు కన్నబాబుతో అయిదు నిమిషాలు దొరికాయి. పాతికేళ్లవాడు. కమిలిన బుగ్గ.

“అందరికీ ఒకే గిన్నెలో వండావా?”

“ఒకే గిన్నె అమ్మా. నానూ అదే తిన్నాను.”

“టీ విడిగా ఎందుకిచ్చావు?”

“ఆడికి సెమటలు పట్టి సేతులు వణుకుతుంటే మూడు సెంచాలు పంచదారేసి ఇచ్చినాను. తాగినాక గంటసేపు లెగిసి కూర్సున్నాడు. ‘బావా, పాణం లెగిసొచ్చినాది’ అన్నాడు. మళ్లీ పడిపోనాడు. మళ్లీ ఇచ్చినాను, మళ్లీ లెగిసినాడు. మూడోసారి మింగనేదు.” వాడు మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. “తగువులాడినాం, నిజవే. తగువులాడినోడికి ఎవుడైనా ఇసం ఎడతాడేటమ్మా? బోటు మీద ఆడు నాకు బావ.”

సి.ఐ. శివరామకృష్ణ గదిలోకి అడుగుపెట్టేసరికి పదకొండూ నలభై. పద్మావతి నిలబడే మొత్తం చెప్పింది. చివర్న, “జెట్టీకి ఫోన్ చేసి పోలమాంబని తిప్పమనండి. తక్కినదంతా తర్వాత తేల్చుకుందాం,” అంది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “మందుల గదిలో మాత్రలు అమర్చుకునేవాళ్లు మర్డర్ కేసులు చూస్తే ఇలాగే ఉంటుంది మేడమ్. మందు తింటే చచ్చాడంటే వినొచ్చు. మందు మానితే చచ్చాడంటారేమిటి?”

“అవును, మానితేనే. మన కిడ్నీల మీద చిన్న టోపీల్లా రెండు గ్రంథులుంటాయి. ఎండ, జ్వరం, వాంతి, ఏ కష్టం వచ్చినా రక్తపోటు పడిపోకుండా, నెత్తుట్లో చక్కెర పడిపోకుండా నిలబెట్టే రసం అవి తయారుచేస్తాయి. స్టెరాయిడ్ బిళ్ల అంటే ఆ రసానికి తోబుట్టువు. వాపు తీస్తుంది, ఊపిరి తెరుస్తుంది. డాక్టరు చేతిలో ఉంటే ప్రాణం పోస్తుంది, నేను కళ్లారా చూశాను. కానీ నెలన్నర పాటు మూడు పూటలా బయటినుంచి పోస్తే ఆ గ్రంథులు పడుకుంటాయి. రోజూ పక్కింటినుంచి క్యారేజీ వస్తుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఒక పొద్దున్న క్యారేజీ ఆగిపోయింది. పొయ్యి ఆరిపోయి ఉంది. మనిషేమో నడిసముద్రంలో, నడినెత్తి ఎండలో వల లాగుతున్నాడు. వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం. చూసేవాడికి విషంలాగే ఉంటుంది.”

“కథ బాగుంది. ల్యాబ్ రిపోర్టు?”

“మీ విషానికి ఉందా?”

“పంపించాం. వస్తుంది.”

“అంటే లేదు. మీకు లేకపోయినా ఒక కుర్రాణ్ణి లోపల వేశారు. నాకు లేదని ఇంకొకణ్ణి సముద్రంలో వదిలేస్తారా?”

“గొంతు తగ్గించండి!” శివరామకృష్ణ బల్ల మీద చరిచాడు. చరిచిన చెయ్యి అక్కడే ఉండిపోయి సన్నగా వణికింది. ఫ్యాను గిరగిర తిరుగుతున్నా ఆయన నుదుటి నిండా చెమట. “ఆ... ఆ బోటు... ఏ బోటన్నారు?” అని మాట కోసం వెతుక్కున్నాడు.

పద్మావతి బల్ల మీద చూసింది. మూత తియ్యని టిఫిన్ క్యారియర్. పక్కన షుగరు బిళ్లల అట్ట.

“బిళ్ల ఎప్పుడు వేసుకున్నారు?”

“మీకెందుకు?”

“ఎనిమిదింటికండీ,” అన్నాడు గుమ్మంలో కానిస్టేబులు. “పేపరువాళ్లొచ్చారని టిఫిను చెయ్యలేదు సారు.”

“టీ తెండి. నాలుగు చెంచాల పంచదార వెయ్యండి. పరిగెత్తండి!”

ఆయన వద్దంటూనే తాగాడు. పది నిమిషాలకి చెమట ఆరింది, చూపు నిలిచింది. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంటూ తల దించుకున్నాడు.

“ఇప్పుడు చెప్పండి సార్, మీకు విషం పెట్టిందెవరు?” అంది పద్మావతి. “మీరు మింగిన బిళ్ల క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తుంది. లోపల కూడు పడిందా లేదా అని అది చూడదు. మంచి మందే, వేళ తప్పింది. అంతే. మీరు చక్కెర టీ తాగి లేచారు. ఉమామహేష్ కూడా రెండుసార్లు లేచాడు. ఆ టీ ఇచ్చినవాడి బుగ్గ మీరు పగలగొట్టారు.”

శివరామకృష్ణ ఇడ్లీ ముగించి చెయ్యి తుడుచుకున్నాడు. అప్పుడు కూడా ఖాకీయే మాట్లాడింది. “సరే. అది స్టెరాయిడే అనుకుందాం. కానీ నాలిక మీద చేదు చూసి నేను వైర్‌లెస్‌లో హుకుం ఇవ్వలేను. రేపు తప్పని తేలితే నన్ను నవ్వులపాలు చేస్తారు. ఆ పొడిలో అదే ఉందని చూపించండి, ఫోన్ చేస్తాను.”

“ముందు ఫోన్ చెయ్యండి, తర్వాత చూపిస్తాను.”

“ముందు చూపించండి.”

గోడ గడియారం పన్నెండూ పదిహేను. పద్మావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకాయన పరువు ఒక పళ్లెంలో, ఇరవై మూడేళ్ల ప్రాణం ఒక పళ్లెంలో. ఈ తక్కెడ ఎవడు కనిపెట్టాడు? కానీ అరిస్తే నిమిషాలు పోతాయి తప్ప ఫోన్ కదలదు.

“అయితే జీపు తియ్యండి,” అంది.

తగరపువలస సంత వీధి వెనక పెంకుల షెడ్డు. ఒంటిగంటా పదికి జీపు ఆగింది. గవర్రాజు అరవై ఏళ్లవాడు. ఇస్త్రీ బుష్‌కోటు, బంగారు ఫ్రేము కళ్లజోడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు.

“రండి రండి. సారుకి షుగరా? మన దగ్గర పొడపత్రి మందుంది, ఇంగ్లీసు బిళ్లలన్నీ మానిపించేస్తాను.”

శివరామకృష్ణ ముఖం మాడింది. పద్మావతి అప్పటికే గది కలియజూస్తోంది. దూలానికి వరసగా ఎండిన మందు వేళ్ల కట్టలు వేలాడుతున్నాయి. ఒక కట్టకీ ఇంకొక కట్టకీ మధ్య సాలెపురుగు గూడు అల్లి, అందులో పిల్లల్ని కూడా పెట్టుకుంది.

“గవర్రాజు గారూ, రోజుకి ఎన్ని పొట్లాలు కడతారు?”

“రెండొందల పైమాటేనమ్మా. ఏటి, ఎందుకడుగుతున్నారు?”

“రోజుకి రెండొందల పొట్లాలు కట్టేవాడు ఈ వేళ్ల కట్టలు విప్పడా? ఈ గూడు అల్లి నెలలయింది, ఒక్క పోగూ తెగలేదు. మరి పొడి దేంతో చేస్తున్నారు?”

అతను నవ్వబోయి ఆగాడు. రోలు ఎండి బీటలు వారింది. పక్కన మిక్సీ. జారు బోర్లించి తడితే కత్తుల కిందనుంచి తెల్లటి పిండి రాలింది. పీచు అన్నది లేదు. పద్మావతి చెత్తబుట్ట నేల మీద కుమ్మరించింది. కాగితాలూ, పిప్పళ్ల తొడిమలూ, వాటిలో గుండ్రంగా అణిగిన దూది ఉండలు. ఆమె వాటిని ఏరి వరసగా పెట్టింది. తొమ్మిది.

“వెయ్యి బిళ్లల డబ్బాలో పైన ఒక్క దూది ఉంటుంది సార్, బిళ్లలు కదలకుండా. తొమ్మిది దూదులంటే తొమ్మిది డబ్బాలు. తొమ్మిది వేల బిళ్లలు. చెత్త తీసి ఎన్నాళ్లయిందో ఈయనకే తెలియాలి.”

కానిస్టేబులు వెనక గదిలో మంచం కిందనుంచి పదో డబ్బా ఈడ్చుకొచ్చాడు. చీటీ గోకేశారు గానీ అంచున సగం పేరు మిగిలింది. ప్రెడ్నిసోలోన్. పద్మావతి ఒక బిళ్ల నలిపి ఒక అరచేతిలో, పాపాయమ్మ గూట్లోని పొడి ఇంకొక అరచేతిలో సి.ఐ. ముందు పెట్టింది. ఆయన రెండూ రుచి చూసి ముఖం చిట్లించాడు.

“అది నా కీళ్లనొప్పులకి...” అన్నాడు గవర్రాజు.

“తొమ్మిది వేలా? నీకు ఎన్ని కీళ్లున్నాయయ్యా?”

సొరుగు లాగింది. పసుపుపచ్చ చీటీల కట్ట, అచ్చు వేయించినవి. పైది తీసి బిగ్గరగా చదివింది. “‘ఈ మందు ఒక్కసారిగా మానరాదు. మానదలచినచో వారము వారము సగము చొప్పున తగ్గించవలెను. నీరసము, వాంతి, కళ్లు తిరుగుట కలిగిన వెంటనే వచ్చి కలియవలెను.’”

ఇంతసేపూ వీడు తెలియక చేశాడేమో అన్న అనుమానం పద్మావతి మనసులో ఒక మూల ఉండేది. అది కాస్తా పోయింది.

“నీకు తెలుసు,” అంది. “ఈ చీటీలు ఎవరికిస్తావు?”

“మధురవాడ నుంచి, సిటీ నుంచి కార్లలో వచ్చేవాళ్లకమ్మా. సదువుకున్నోళ్లు. ఏదైనా అయితే కోర్టుకెక్కుతారు.”

“జాలర్లకి?”

“ఆళ్లకి సదువు రాదు కదమ్మా.”

“నీకు నోరు లేదా?” పద్మావతి చీటీ బల్ల మీద కొట్టింది. “చీటీ చదవలేకపోతే చెప్పలేవా? చేప తినొద్దని చెప్పడానికి ఆడిన నాలిక, మానొద్దని చెప్పడానికి ఆడలేదా? చేపకీ ఈ బిళ్లకీ ఏమిటి వైరం? చెప్పు!”

“పథ్యం సెప్పకపోతే మందంటే నమ్మరమ్మా. అదొక మర్యాద.”

“నీ మర్యాదకి వాళ్లు కట్టుబడ్డారు. నువ్వు చెప్పిన పథ్యం తప్పకూడదని ఒక ఆడది తన చేత్తో తన మొగుడి సంచిలోంచి ప్రాణం తీసి గూట్లో పెట్టింది! సముద్రం మీద వాళ్లు చేప తప్ప ఏం తింటారో నీకు తెలియదా? వేట మొదలైన రోజున ఒక్కొక్కడూ మందు మానేస్తాడని తెలియదా?”

గవర్రాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఏటా మానేస్తారు. కాస్త నీరసపడతారు, నొప్పి తిరగబెడతాది. మళ్లీ నా కాడికే వస్తారు. ఎవుడూ సావలేదు. ఈ ఏడు మోతాదు కొంచెం పెంచినాను, అంతే.”

శివరామకృష్ణ లేచిన ఊపుకి కుర్చీ పడిపోయింది. ఆయన చెయ్యి గవర్రాజు మీదికి కాదు, బల్ల మీది ఫోన్ మీదికి వెళ్లింది. గంట ఒకటీ నలభై అయిదు.

“నీలకంఠం గారా? సి.ఐ. శివరామకృష్ణని. సెట్టు దగ్గర కూర్చోండి. మేడమ్ చెప్పేది రాసుకుని అన్ని బోట్లకీ చెప్పండి. ఇది నా ఆర్డరు.”

పద్మావతి ఫోన్ తీసుకుని గవర్రాజు వైపు తిరిగింది. “పేర్లు చెప్పు. ఇప్పుడు సముద్రం మీద ఎవరెవరున్నారు?”

చూసి చదవడానికి పుస్తకం ఏమీ లేదు. గవర్రాజు కళ్లు మూసుకుని ఒక్కొక్క పేరూ, బోటూ, ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఏడుగురు. ఎవరికి ఆయాసమో, ఎవరికి మోకాళ్లో, ఎవరికి కొత్తగా పెళ్లయిందో కూడా చెప్పాడు. ఇంత తెలిసినవాడు ఒక్క ముక్క చెప్పలేదు! ఆ పేర్లు ఫోన్‌లో అప్పజెబుతుంటే పద్మావతికి దుఃఖం కాదు, అసహ్యం వచ్చింది.

“ఎవరూ వల ముట్టకూడదు. కాళ్లు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాలి. ఉప్పూ పంచదారా నీళ్లు గుక్కగుక్కా పట్టాలి. దగ్గరి రేవులో దించి ఆసుపత్రిలో ‘స్టెరాయిడ్ మందు నెలన్నర తిని ఆపేశాడు’ అని చెప్పాలి. ఆ మాట మరిచిపోకుండా చెప్పాలి. అది వింటే డాక్టరుకి ఏ సూది వెయ్యాలో తెలుస్తుంది. ముందు పోలమాంబని పిలవండి.”

తర్వాత ఎదురుచూడడమే మిగిలింది. కానిస్టేబులు గవర్రాజుని జీపెక్కించాడు. శివరామకృష్ణ గది మధ్యలో అటూ ఇటూ తిరిగాడు. ఒకసారి ఆగి, “కన్నబాబుని వదిలేస్తాను,” అన్నాడు. పద్మావతి తల ఊపింది. మెచ్చుకోవాలని మాత్రం అనిపించలేదు.

రెండూ ఇరవైకి ఫోన్ మోగింది. సి.ఐ. అందుకోబోయి, తనే ఆగి, ఆమె వైపు జరిపాడు.

“ఆరు బోట్లు పలికాయమ్మా,” అన్నాడు నీలకంఠం. “ఆరుగురూ ఉన్నారు. ఇద్దరు లేవలేకపోతున్నారట. అన్నీ ఒడ్డుకి తిరిగాయి.”

“పోలమాంబ?”

అవతల సెట్టు గరగరలాడడం వినబడింది.

“పోలమాంబ సెట్టు ఇప్పటిదాకా ఎవరూ చూడలేదమ్మా. అందరూ వెతకడంలోనే ఉన్నారట. వల ఎత్తుతుంటే దొరబాబు ‘కళ్లు సీకట్లు కమ్ముతున్నాయి’ అని తాడు మీదికి వాలాడట. పట్టుకునేలోపు అంచు దాటిపోయాడు. నలుగురు దూకారు. ఇంకా వెతుకుతున్నారు.”

“ఎన్ని గంటలకి?”

“పన్నెండూ యాభైకి.”

ఆమె ఆ అంకె పైకి అన్నది. శివరామకృష్ణ చేతి గడియారం చూసుకున్నాడు, దాన్లో ఇంకో అంకె ఏదైనా దొరుకుతుందేమోనన్నట్టు. “అప్పటికి మనం దారిలో ఉన్నాం,” అన్నాడు నెమ్మదిగా.

“పదకొండూ నలభైకి మీ బల్ల దగ్గర ఉన్నాం,” అంది పద్మావతి. “ఫోన్ మీ మోచేతి పక్కనే ఉంది.”

ఆరుగురు మనుషులు ఆదివారం రాత్రికల్లా ఒడ్డు చేరారు. ఇద్దరికి ఆసుపత్రిలో సూదులు వేశారు, బతికారు. కన్నబాబు ఆ సాయంత్రమే ఇంటికి పోయాడు. పోలమాంబ రెండు రోజులు అక్కడక్కడే తిరిగి, మంగళవారం జెట్టీకి వచ్చింది. అందులో దొరబాబు లేడు. 2003 జూన్ ఏడు, శనివారం, మధ్యాహ్నం పన్నెండూ యాభైకి నీళ్లలో పడ్డ ఆ మనిషి ఇక తిరిగి రాలేదు.